పట్టు పోయిన గట్టుపురం

వినండర్రా. చాలా కాలం కిందట, కొండలు ఇంకా ఇంత ఎత్తు పెరగని రోజుల్లో, గట్టుపురం అని ఒక రాజ్యం ఉండేది. దానికో రాజుగారు. ఆయన పేరు పృథుసేనుడు. గట్టుపురం దేనికి పేరంటే పట్టుకి పేరు. ఇంటింటా పట్టుపురుగులు, వీధివీధినా మగ్గాలు. ఎవరైనా చుట్టం వస్తే కాళ్ళకి నీళ్ళివ్వడం కంటే ముందు పట్టుపంచె చేతిలో పెట్టేవాడు రాజుగారు. ఆయన గర్వం అలాంటిది.

ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు దండసేనుడు, ఒంటిచేత్తో దున్నపోతుని ఆపగలడు. రెండోవాడు తురగసేనుడు, గుర్రంతో పందెం కట్టి పరిగెత్తగలడు. మూడోవాడు మందసేనుడు. వాడేం చెయ్యగలడంటే, ఆలోచించగలడు. అది కూడా గబగబా కాదు, నిదానంగా. అన్నం తింటూ ముద్ద చేతిలో పెట్టుకుని, "అమ్మా, ఈ ముద్ద జారితే కిందకే పడుతుందేం, పైకి పడదేం?" అనేవాడు.

"పడదులే గానీ ముందు తిను, పప్పు చల్లారిపోతోంది" అనేది రాణిగారు.

ముగ్గురు మగపిల్లల తరవాత, ఇంక పిల్లలు పుట్టరనుకున్న వయసులో, రాణిగారికి ఒక ఆడపిల్ల పుట్టింది. పేరు ముత్యాలు. ఇంకా మెడ కూడా నిలబడలేదు. పగలంతా అమ్మ ఒళ్ళోనే. ఒళ్ళోంచి దించితే ఏడుపు, ఎత్తుకుంటే నవ్వు.

ఒకరోజు కొలువుకి ఒక ముసలాయన వచ్చాడు. తల నెరిసింది, నడుం వంగింది. ఎడంచెయ్యి మాత్రం పిడికిలి బిగించి ఉంది. దణ్ణం కూడా ఒంటిచేత్తోనే పెట్టాడు. ఆయన ఒక మాంత్రికుడు. కుడిచెయ్యి ఊపితే గొలుసుల్లేకుండా దీపాలు గాల్లో వేలాడాయి. ఇంకోసారి ఊపితే స్తంభాల మీద చెక్కిన లేళ్ళు దిగొచ్చి గడ్డి మేశాయి. మూడోసారి ఊపితే కొలువంతా మల్లెపూల వాన. రాజుగారు మురిసిపోయి, "పెద్దాయనా, ఏం కావాలో కోరుకోండి" అన్నాడు.

"మీ రాజ్యంలో ఉన్న పట్టంతా నాకిచ్చెయ్యండి" అన్నాడు మాంత్రికుడు.

కొలువంతా నవ్వింది. "ఎన్ని బళ్ళు తెచ్చుకున్నావయ్యా?" అన్నారెవరో.

మందసేనుడు మాత్రం ఆ పిడికిలి వైపే చూస్తున్నాడు. "నాన్నగారూ, ఒక్క మాట. ఏ పట్టో అడగండి."

"చీరల పట్టా, పంచెల పట్టా అనా?" అన్నాడు తురగసేనుడు. "నీ సందేహాలు అన్నం దగ్గర పెట్టుకోరా తమ్ముడూ."

"కోరుకోమన్నాక బేరాలేమిటి" అన్నాడు రాజుగారు. "తీసుకోండి పెద్దాయనా. ఇచ్చాను."

ముసలాయన ఒక్క చీరని కూడా ముట్టుకోలేదు. గాలిలోంచి ఏదో దారం లాగినట్టు లాగి, ఉండ చుట్టి, ఆ ఉండని ఎడం పిడికిట్లోకి దూర్చుకున్నాడు. తరవాత మెల్లిగా వెళ్ళిపోయాడు. ఆయన్ని సాగనంపుదామని రాజుగారు సింహాసనం మీంచి లేచాడు. లేచినవాడు లేచినట్టే జారి, కొలువు మధ్యలోంచి సర్రున పోయి, ఎదురు గోడకి తగిలి ఆగాడు.

అప్పుడు తెలిసింది ఆయనకి, తను ఇచ్చిన పట్టు ఏ పట్టో.

కాలికి నేల మీద పట్టు లేదు. చేతికి చెంబు మీద పట్టు లేదు. చేద వేస్తే తాడు చేతుల్లోంచి జారి బావిలో పడింది. అన్నం కలిపితే ముద్ద అవదు. అవ్వల చేతుల్లోంచి కర్రలు జారాయి, గుర్రాల మీంచి రౌతులు జారారు. ఊగుతున్న తలుపు ఊగుతూనే ఉంది. కదుల్తున్న బండి, ఎద్దులు ఆగుదామన్నా ఆగకుండా, వాటిని ముందుకి తోసుకుంటూ పోయింది. నిలబడ్డవాడు అడుగు వెయ్యలేడు, పోతున్నవాడు నిలవలేడు. ఆగింది కదలదు, కదిలింది ఆగదు. ఒంటి మీద బట్టల జోలికి మాత్రం మాంత్రికుడు పోలేదు. ముసలాయన కదా, ఆపాటి మర్యాద ఉంచాడు.

రాణిగారికి వీటన్నిటితో పనిలేదు. ఆవిడ బాధ ఒక్కటే. ఒళ్ళో ముత్యాలు నిలవడం లేదు. ఎత్తుకుంటే చేపపిల్లలా జారిపోతోంది. మెత్తటి దిండ్ల మధ్య పడుకోబెట్టి, పైనుంచి పాలచుక్కలు నోట్లో వేస్తున్నారు. సగం లోపలికి, సగం దిండు మీదకి. పిల్ల రెండు చేతులూ పైకి చాచి ఏడుస్తుంది. రాణిగారు వంగి, ఆ చేతుల కింద తన చేతులు పెడుతుంది. మళ్ళీ జారుతుంది.

ముసలి వైద్యుడు స్తంభానికి చేరబడి చూసి, "పాలు ఎలాగో తాగించొచ్చు తల్లీ" అన్నాడు. "పసిపిల్లకి పాలెంతో ఒడీ అంతే. ఇలా అయితే మన పిల్ల ఎన్నాళ్ళో నిలవదు."

దండసేనుడు లేచాడు. లేవడం అంటే, లేవబోయి పడి, పడి లేచాడు. "ఏడు సముద్రాల అవతల ఉందట ఆ మాంత్రికుడి దీవి. నేను పోయి తెస్తా. బలం ఉంటే కదలనిది ఏముంది?" అంటూ కోట గోడ మీద రెండు చేతులూ ఆనించి, ఉన్న బలమంతా పెట్టి తోశాడు. గోడ కదల్లేదు. దండసేనుడు కదిలాడు. వెనక్కి బాణంలా పోయి, అవతలి గోడకి తగిలాడు. దాన్ని ఇంకా కోపంగా తోశాడు. మళ్ళీ ఈ గోడ దగ్గరికి వచ్చాడు.

"గోడ నన్ను తోస్తోందిరా" అని అరుస్తూ అటు పోయాడు. "నేను తోసినంతా తోస్తోంది" అంటూ ఇటు వచ్చాడు. అలా రెండు గోడల మధ్యా పోతూ వస్తూ ఉండిపోయాడు.

తురగసేనుడు నవ్వాడు. "అన్నయ్యకి బలం ఉంది గానీ వాటం తెలీదు. ఊరవతల కొండ దిగుడు ఉంది. అక్కణ్ణించి వదిలిపెడితే నేరుగా సముద్రమే." గోడలూ స్తంభాలూ తోసుకుంటూ కోట దాటి, దిగుడు మీదకి చేరి, జర్రున జారాడు. ఆ జారడం చూస్తే డేగ కూడా సిగ్గుపడేది. కానీ సాయంత్రమైనా సముద్రం నుంచి ఏ కబురూ లేదు.

మందసేనుడు కోట ముంగిట్లో ఉన్నాడు. ముంగిలి నడిమధ్య. చేతికి అందే గోడ లేదు, స్తంభం లేదు. పక్కన వంటవాళ్ళు వదిలేసిన పెద్ద ఇత్తడి గంగాళం, దాన్నిండా గుమ్మడికాయలు. ఎదురుగా కొలను. వాడికి భయం వేసింది. అన్నయ్యలిద్దరూ పోయారు, చెల్లెలి ఏడుపు వినపడుతూనే ఉంది, తనేమో కూచున్న చోటినుంచి జానెడు కూడా జరగలేకపోతున్నాడు. కాళ్ళు ఆడించాడు. చేతులు ఆడించాడు. ఉన్నచోటే ఉన్నాడు.

కొలనులో ఒక బాతు మాత్రం ఎప్పటిలాగే ఈదుతోంది.

"నీకు పట్టు పోలేదా?" అని అడిగాడు మందసేనుడు.

"పోయింది బాబూ. గుడ్లు గట్టు మీద ఉన్నాయి, ఎగిరి వాలినా జారి నీళ్ళలోకే వస్తున్నాను" అంది బాతు. ఆ రోజుల్లో బాతులు మాట్లాడేవి, మనుషులే తీరిగ్గా వినేవాళ్ళు కాదు.

"మరి నీళ్ళలో ఎలా పోతున్నావు?"

"నీళ్ళని వెనక్కి తోస్తాను. అవి నన్ను ముందుకి తోస్తాయి. నేల మీద నువ్వు చేసేదీ అదేగా? నేలని వెనక్కి తోసేవాడివి, అది నిన్ను ముందుకి తోసేది. ఏదో ఒకదాన్ని వెనక్కి తొయ్యకుండా ముందుకి పోవడం ఎవరి వల్లా కాదు బాబూ, రాజు కొడుకైనా సరే."

మందసేనుడు చాలాసేపు ఆలోచించాడు. తరవాత గంగాళం అంచు మీదకి బోర్లా వాలి, దొర్లి అందులో పడ్డాడు. ఒక గుమ్మడికాయని రెండు అరచేతుల మధ్యా ఉంచి, పొట్టకి ఆనించి, వెనక్కి తోశాడు. గుమ్మడికాయ అటు పోయింది. గంగాళం ఇటు కదిలింది. చీమ నడకంత, కానీ కదిలింది.

ఇంకోటి తోశాడు. చీమ నడక కోడి నడక అయింది. ఇంకోటి తోశాడు. కోడి నడక ఆవు నడక అయింది. కదిలింది ఆగదు కదా, అందుకని పాత నడకకి కొత్త నడక తోడవుతూ పోయింది. కొలను పక్కనించి పోతుంటే, పట్టు వస్తే గానీ గుడ్ల దగ్గర నిలవలేను కదా అని బాతు కూడా ఎగిరి గంగాళంలో కూచుంది.

"బాబుగారూ, అవి రేపటి పులుసుకండీ" అని అరిచాడు వంటవాడు, కాళ్ళకి అడ్డంగా జారుకొస్తున్న గుమ్మడికాయల్ని చూసి.

"పులుసు చేతికి అంటే రోజు వస్తుంది, అప్పుడు వండుదువు గాని" అన్నాడు మందసేనుడు.

గంగాళం కోట దాటింది, ఊరు దాటింది, కొండ దిగుడు చేరింది. దిగుడు దిగితే ఒక లోయ. లోయ అవతల అంతే ఎత్తు కొండ ఇంకోటి. ఆ రెండు కొండల మధ్యా ఎవరో ఉయ్యాల ఊగినట్టు జారుతున్నారు. చూస్తే తురగసేనుడు. ఈ కొండ దిగి, ఆ కొండ ఎక్కి, అంచుకి ఒక్క మూర దూరంలో ఆగి, మళ్ళీ వెనక్కి.

"తమ్ముడూ, నన్ను" అంటూ ఎదురొచ్చాడు. దాటిపోయాడు. మళ్ళీ వచ్చాడు. "పట్టుకోరా" అన్నాడు. దాటిపోయాడు.

"పట్టు ఉంటే కదా అన్నయ్యా" అన్నాడు మందసేనుడు, వాళ్ళిద్దరూ మళ్ళీ పక్కపక్కకి వచ్చినప్పుడు. "నువ్వు ఎంత దిగావో అంతే ఎక్కుతావు. ఆ పైన మూరెడు ఎక్కాలంటే ఏదైనా వెనక్కి విసురు. నడుముకి కత్తి ఉందిగా."

తురగసేనుడు పైకి పోయి, తిరిగి వచ్చాడు. "కత్తి వదిలేస్తే రాజు కొడుకుని ఎలా అవుతానురా?"

"ఇలా అయితే అవుతున్నావా?"

దానికి ఏం జవాబు చెప్పాడో వినపడలేదు, దూరంగా పోయాడు. మందసేనుడు లోయ అడుక్కి చేరగానే రెండు పెద్ద గుమ్మడికాయల్ని బలంగా వెనక్కి తోశాడు. గంగాళం అవతలి కొండెక్కి, అంచు దాటి, అటు పడింది. అన్నయ్య దాటలేని మూరెడూ వాడు గుమ్మడికాయలతో దాటాడు.

ఇంక ఎదురుగా సముద్రం. గట్టుపురం పొలిమేర ఆ ఇసుక దగ్గర అయిపోతుంది. అంటే పట్టు మళ్ళీ అక్కడ మొదలవుతుంది. ఆ సంగతి మందసేనుడికి తెలుసు, గుర్తుకి మాత్రం రాలేదు. గంగాళం ఇసుకకి తగిలి చటుక్కున ఆగిపోయింది. వాడు ఆగలేదు. గంగాళంలోంచి ఎగిరి, ఇసుకలో ముక్కు మీద పడ్డాడు.

"గంగాళాన్ని ఇసుక ఆపింది. నిన్ను ఆపేవాళ్ళెవరున్నారు, అందుకని నువ్వు పోతూనే ఉన్నావు" అంది బాతు రెక్కలు దులుపుకుంటూ.

వాడు ముక్కు తుడుచుకుని, ఇసుకని గుప్పిట్లోకి తీసుకున్నాడు. వేళ్ళకి గరగరలాడింది. ఇన్నాళ్ళూ ఇది ఉందని కూడా తెలీదు కదా అనుకున్నాడు. ఎదురు చెప్పేది, అడ్డం పడేది, చెప్పులు అరగదీసేది అంటూ దీన్ని తిట్టుకునేవాళ్ళం. అదే మనల్ని నిలబెడుతోందని ఎవరనుకున్నారు?

ఒడ్డున బెస్తవాళ్ళు జాలిపడి ఒక తెప్ప ఇచ్చారు. బాతు దారి చూపించింది, మందసేనుడు తెడ్డు వేశాడు. ఉప్పు సముద్రం దాటారు, చెరుకురసం సముద్రం దాటారు, మజ్జిగ సముద్రం దాటారు. పాలదీ, పెరుగుదీ, నేతిదీ దాటారు. ఒక్కో సముద్రం కిందటిదాని కంటే బరువు. ఏడోది తుమ్మజిగురు సముద్రం. అందులో తెడ్డు వేస్తే మళ్ళీ పైకి రాలేదు. వాడు కంగారుపడి గట్టిగా లాగాడు. జిగురు ఇంకా గట్టిగా పట్టింది. ఇంకా గట్టిగా లాగాడు. తెప్ప తలకిందులవబోయింది.

"నీ పేరేమిటి బాబూ?" అంది బాతు.

"మందసేనుడు."

"మరి అలాగే లాగు."

వాడు ఊపిరి పీల్చుకుని, జిగురుకి తెలియకుండా లాగుతున్నట్టు, మెల్లిగా, మెల్లిగా లాగాడు. తెడ్డు వచ్చింది. గట్టిగా లాగితే బిగిసేది మెల్లిగా లాగితే వదిలింది. ఆ సముద్రం దాటేసరికి వాడికి గడ్డం వచ్చింది.

దీవి మీద ఎక్కడిది అక్కడే ఉంది. ఆకు రాలి కొమ్మకి ఆని ఉండిపోయింది. బావి మీద గిలక తిరగడం లేదు. తలుపులు బందుల మీద తిరగడం లేదు. మధ్యలో ఒక పెద్ద ఇల్లు. కిటికీలో ఒక అమ్మాయి.

"తాళం వెయ్యలేదు, గడియ వెయ్యలేదు, ఊరికే తలుపు తిరగడం లేదు" అంది ఆ అమ్మాయి, వాడు అడక్కముందే. "నా పేరు సంపెంగి. ఆ మాంత్రికుడి మనవరాల్ని. నువ్వు పట్టు పోగొట్టుకున్న ఊరివాడివేనా?"

"మా నాన్నగారు ఇచ్చేశారు."

"ఇంకోదనుకుని ఇచ్చుంటారు. మా తాత మోసం చెయ్యడు, మాట సరిగ్గా చెప్పడు అంతే." ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. "ఆయన ప్రాణం ఒక చిలకలో ఉంది. ఆ చిలక ఎడం పిడికిట్లో ఉంది. వయసు మీద పడేకొద్దీ వేళ్ళలో పట్టు సడలిపోతోందని, చిలక ఎక్కడ జారిపోతుందోనని, ఆయనకి రాత్రీ పగలూ బెంగ. అందుకని మీ ఊరి పట్టంతా తెచ్చి దాని చుట్టూ చుట్టాడు. అది పిడికిట్లోంచి పొంగి దీవంతా పాకింది. ఇప్పుడు ఆయన కుర్చీలోంచి కూడా లేవలేడు."

"నేను చిలకని చంపడానికి రాలేదు" అన్నాడు మందసేనుడు. "మా చెల్లెలు అమ్మ ఒళ్ళో నిలవాలి. అంతకంటే నాకేం వద్దు. అడిగితే ఇస్తాడా?"

"ఇవ్వడు. ఆయన మంత్రానికి ఒక ఒట్టుంది. పట్టింది ఏ ఒక్కటి విడిచినా, పట్టినవన్నీ పోతాయి. అందుకే చిన్నప్పుడు నా చెయ్యి పట్టుకుని ఒక్కనాడూ నడిపించలేదు. నడిపిస్తే ఎక్కడో ఒకచోట విడవాలి కదా." ఆ మాట ఆ అమ్మాయి నవ్వుతూనే అంది. మందసేనుడికి మాత్రం నవ్వు రాలేదు.

వాడు కిటికీ కింద కూచుని ఆలోచించాడు. బాతు నిద్రపోయి లేచింది. వాడు ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు. లాక్కుందామంటే పిడికిలి తెరుచుకోదు. బలంగా తోస్తే అంతే బలంగా తిరిగి తోస్తుంది, పెద్దన్నయ్య గోడలాగా. మరి ఆయనంతట ఆయన విడిచేది ఏమిటి? ఎవరైనా, ఎంతటివాడైనా, విడవక తప్పనిది ఏమిటి? ఆలోచించి ఆలోచించి, పెద్దగా నిట్టూర్చాడు. నిట్టూర్చి, అలాగే ఆగిపోయాడు. లేచి, జిగురులో తెడ్డు లాగినట్టు కాళ్ళు మెల్లిగా లాక్కుంటూ, తాత ఉన్న గది కిటికీలోంచి లోపలికి వెళ్ళాడు.

మాంత్రికుడు కుర్చీకి అతుక్కుని ఉన్నాడు. కనుబొమలు కూడా కదలడం లేదు, పెదాలు మాత్రం ఆడుతున్నాయి. "రాజుగారి మూడో కొడుకువి. ఏ పట్టు అని అడిగింది నువ్వే కదూ" అన్నాడు.

"నేనే తాతగారూ. మా పట్టు మాకిచ్చెయ్యండి. మా చెల్లెలు పసిది."

"నేను పట్టింది విడవనబ్బాయ్."

"ఏదైనా సరే పట్టగలరా?"

"నేను పట్టలేనిది ఇంతవరకూ పుట్టలేదు."

"చాలా విన్నాను మీ గురించి" అన్నాడు మందసేనుడు, నిదానంగా. "చిలకని పట్టారు, మా పట్టుని పట్టారు. ఊపిరి పట్టగలరా?"

ముసలాయన పెదాల మీద నవ్వొచ్చింది. "చిన్నపిల్లల ఆటా ఇది. చూడు" అని ఊపిరి పీల్చి, పట్టాడు.

మందసేనుడు ఎదురుగా కూచున్నాడు. కిటికీలోంచి వస్తున్న ఎండ నేల మీద ఉంది. కాసేపటికి ముసలాయన మొహం ఎర్రబడింది. ఇంకాసేపటికి ఆయనకి అర్థమైంది. కళ్ళు పెద్దవయ్యాయి. విడిస్తే ఒట్టు పోతుంది, చిలక పోతుంది. విడవకపోతే తనే పోతాడు. మొహం నల్లబడింది, మెడ మీద నరాలు లేచాయి. ఆయన విడవడం లేదు.

మందసేనుడు గెలుస్తానని అనుకున్నాడు గానీ, ఒక ముసలాయన కళ్ళముందు ఇలా చచ్చిపోతాడని అనుకోలేదు. "తాతగారూ, వదిలెయ్యండి" అన్నాడు. "నాకు పట్టు వద్దు, ఏమీ వద్దు, ముందు ఊపిరి వదలండి."

తలుపు అవతలనించి సంపెంగి గొంతు వినపడింది. "తాతా, విడువు. నేనున్నాను."

హుఫ్ అని ముసలాయన ఊపిరి విడిచాడు.

విడవగానే ఇల్లంతా ఒళ్ళు విరుచుకున్నట్టు కిర్రుమంది. తలుపు తిరిగింది. కొమ్మకి ఆనిన ఆకు రాలింది. ఎడం పిడికిలి వేలు వేలునా విచ్చుకుంది. అరచేతిలో నేరేడుపండంత చిలక, రెక్కలు నలిగిపోయి పడి ఉంది. అదీ ఒక ఊపిరి విడిచింది, ఇంకో ఊపిరి పీల్చింది. పీల్చినకొద్దీ పెరిగింది. పెరిగి, రెక్కలు దులుపుకుని, కిటికీలోంచి ఎగిరిపోయింది.

"పోయింది" అన్నాడు మాంత్రికుడు. ఖాళీ అరచెయ్యి వైపు చూస్తూ కూచున్నాడు. "ఇక నేనూ పోతాను."

పోలేదు. ఊపిరి విడుస్తున్నాడు, మళ్ళీ పీల్చుకుంటున్నాడు. విడిచిన ప్రతిసారీ అది తిరిగొస్తోంది. ఆయనకి అదేదో కొత్త సంగతిలా ఉంది. సంపెంగి వచ్చి పక్కన కూచుంది. పొద్దు వాలే వేళకి చిలక ఎక్కణ్ణించో జామపండు ముక్క ముక్కున కరుచుకుని వచ్చి, ముసలాయన చూపుడువేలు మీద వాలింది. ఆయన వేళ్ళు ముడవలేదు. చిలకే తన గోళ్ళతో ఆయన వేలిని గట్టిగా పట్టుకుంది.

"పట్టూ విడుపూ రెండూ ఉండాలంటారు పెద్దవాళ్ళు" అన్నాడు ఆయన. "నేనే అందరికంటే పెద్దవాణ్ణి కదా, నాకు చెప్పేవాళ్ళు లేకపోయారు."

గట్టుపురంలో అదే ఘడియకి నేల మళ్ళీ గరుకయింది. దండసేనుడు ముంగిలి మధ్యలో ఆగి, కళ్ళు తిరిగి కూలబడ్డాడు. తురగసేనుడు లోయలో సగం ఎత్తులో ఆగిపోయి, మిగతా సగం నడిచి ఎక్కాడు, అలా నడవడం ఎంత హాయిగా ఉందో దారంతా తనకి తనే చెప్పుకుంటూ. రాణిగారు దిండ్ల మధ్యకి చేతులు పెట్టి పిల్లని ఎత్తింది. పిల్ల జారలేదు. ఆవిడ ఆ పూటంతా కూచున్నచోటినుంచి లేవలేదు. పొయ్యి ఎవరు వెలిగించారో, అన్నం ఎవరు వండారో ఆవిడకి తెలీదు.

మందసేనుడు తిరుగు ప్రయాణం కట్టేసరికి తెప్పలో నలుగురు. వాడు, బాతు, సంపెంగి, చిలకని భుజం మీద పెట్టుకున్న తాత. రాజుగారు పొలిమేరకి ఎదురొచ్చాడు. మాంత్రికుణ్ణి చూసి ఏమంటాడోనని అందరూ భయపడ్డారు. రాజుగారు ఒక పట్టుపంచె చేతిలో పెట్టి, "పెద్దాయనా, ఈసారి ఏం కావాలన్నా కాస్త విడమర్చి అడగండి" అన్నాడు.

మందసేనుడికీ సంపెంగికీ పెళ్ళయింది. పెళ్ళిపీటల మీద తాతే మనవరాలి చెయ్యి పట్టుకున్నాడు, మొదటిసారి. పట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయాడు. పురోహితుడు దగ్గాడు. తాత ఆ చేతిని మందసేనుడి చేతిలో పెట్టి, విడిచాడు. ఊపిరి ఒకటి, చిలక రెండు, మనవరాలి చెయ్యి మూడు. ఆయన జన్మలో విడిచినవి ఆ మూడే. తరవాత రాజ్యం మందసేనుడికే వచ్చింది. అన్నయ్యలిద్దరూ ఏమీ అనుకోలేదు. "వాడు ఆలోచించేలోగా మేం వేటకెళ్ళి రావచ్చు" అనుకున్నారు. ఏ పని మీదకైనా ఎంత బలం పెట్టాలి, ఎక్కడ ఆపాలి అని నిదానంగా చూసుకుంటూ, వాడు చాలా చాలా ఏళ్ళు చల్లగా ఏలాడు.

కానీ పెళ్ళినాటి సంగతి ఇంకొకటి ఉంది. అప్పటికి ముత్యాలు అమ్మ కొంగు పట్టుకుని నిలబడుతోంది. పందిట్లో అటుచివర వాళ్ళ చిన్నన్నయ్య కనిపించాడు. పిల్ల అటు వంగింది. రాణిగారు భుజాలు గట్టిగా పట్టుకుంది. నేల అంటే ఆవిడకి ఇంకా భయమే. పిల్ల మళ్ళీ వంగింది. అమ్మ వైపు తిరిగి చూసింది.

రాణిగారు కళ్ళు మూసుకుని, చేతులు తీసేసింది.

చిన్న పాదం నేలని వెనక్కి తోసింది. నేల ముత్యాల్ని ముందుకి తోసింది. ఒక అడుగు. ఇంకో అడుగు.

కథ గడప దాటి వెళ్ళిపోయింది. మనం ఇంట్లో ఉండిపోయాం.